ఊరూ పేరూ లేని హీరో

1966 ఆగస్టు 11న విడుదలైన 'గూఢచారి 116' మొదలవగానే ఒక ఏజెంటు చచ్చిపోతాడు. అతని నంబరు 303. ఆ కాసేపటి వేషం వేసింది శోభన్ బాబు. 1959లో 'దైవబలం'తో తెరకెక్కి, ఏడేళ్ళుగా పెద్ద హీరోల పక్కన ఎక్కువగా చిన్నా చితకా పాత్రలు చేస్తూ తన వంతు కోసం చూస్తున్న మనిషి. 303 చావు వెనక ఏముందో తేల్చడానికి పై అధికారులు ఇంకొకణ్ణి పిలిపిస్తారు. అతను 116. తెనాలి దగ్గర బుర్రిపాలెం నుంచి మద్రాసు వచ్చిన ఘట్టమనేని కృష్ణకు హీరోగా అది మూడో సినిమా. ఒక నంబరు పోయింది, దాని స్థానంలో ఇంకో నంబరు వచ్చింది. చనిపోయినవాడికి తల్లి ఎవరో, వచ్చినవాడిది ఏ ఊరో సినిమా చెప్పదు, చూసేవాడూ అడగడు. కుటుంబాన్ని వదిలి కథ అల్లడం తెలియని తెలుగు సినిమాలో ఇది చిన్న మార్పు కాదు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా మన గూఢచారి సినిమాలు ఎందుకు ఆడాయో, ఎందుకు ఆడలేదో చాలావరకు ఈ ఒక్క మార్పు నుంచే తేల్చవచ్చునని నా వాదన. గూఢచారి సినిమాను మనం జేమ్స్ బాండ్ అనుకరణ అని ఒక్క మాటలో తీసిపారేస్తాం. అనుకరణే, సందేహం లేదు. కానీ మన దగ్గర అది చేసిన అసలు పని వేరు. ఎవరికీ తెలియని కుర్రాణ్ణి రెండున్నర గంటల్లో యాక్షన్ హీరోగా నిలబెట్టింది. ఆ కుర్రాడు నిజంగానే జనానికి తెలియనివాడైనప్పుడు ఆ పద్ధతి బాగా పనిచేసింది, తెలిసినవాడైనప్పుడు ఎక్కువసార్లు తడబడింది.

ముందు అనుకరణ సంగతి తేల్చుకుందాం. మొదటి బాండ్ సినిమా 'డాక్టర్ నో' 1962 అక్టోబరులో లండన్‌లో విడుదలైంది. 'గోల్డ్‌ఫింగర్' వచ్చిన 1964 నాటికి ఆ గాలి ప్రపంచమంతా వీచింది. బాండ్ వేషం కట్టిన షాన్ కానరీ ఎడింబరోలో పాలు పోసి బతికినవాడు, ఒళ్ళు పెంచి పోటీలకు వెళ్ళినవాడు. పేరున్న నటుడేమీ కాదు. ఆ గాలిలోనే ఫ్రెంచివాళ్ళు తమ ఓఎస్‌ఎస్ 117 సినిమాలు తీశారు. నిజానికి జాన్ బ్రూస్ 117 నవలలు రాయడం మొదలుపెట్టింది 1949లో, ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల కంటే నాలుగేళ్ళు ముందు. 1964 నాటి ఓఎస్‌ఎస్ సినిమా ఒకటి బ్యాంకాక్‌లో నడుస్తుంది. తోటి ఏజెంటు హత్యకు గురైతే ఆ పని పూర్తి చేయడానికి 117 అక్కడికి వెళతాడు. మన 116 కథకు ఆ నేత పోలిక స్పష్టంగానే కనిపిస్తుంది. ఫ్రెంచి నంబరులో ఒకటి తీసేస్తే తెలుగువాడికి పెళ్ళిళ్ళలో చదివించే నూట పదహార్లు వచ్చాయి. తీసినవాళ్ళు అనుకుని పెట్టారో లేదో గానీ, ఆ సంఖ్య మన చెవికి పరాయిగా వినపడకపోవడం సినిమాకు మేలే చేసి ఉంటుంది.

అరువు తెచ్చుకున్న ఈ వేషానికి ఇక్కడ ఆనుకునే వాస్తవం కూడా సరిగ్గా లేదు. విదేశీ గూఢచర్యం కోసం భారత ప్రభుత్వం 'రా' అనే సంస్థను నెలకొల్పి ఆర్.ఎన్. కావ్‌ను దాని మొదటి అధిపతిని చేసింది 1968 సెప్టెంబరులో. అంటే తెలుగు తెర మీద ఏజెంటు డ్యూటీలో చేరిన రెండేళ్ళకు. అప్పటిదాకా లోపలి నిఘా, బయటి నిఘా రెండూ ఇంటెలిజెన్స్ బ్యూరో చేతిలోనే ఉండేవి, దాని గురించి మామూలు జనానికి తెలిసింది సున్నా. అందుకే దక్షిణాది సినిమాలు దొరికిన పేరల్లా వాడేసుకున్నాయి. కన్నడంలో గూఢచారి సీఐడీ 999 అయ్యాడు, తమిళంలో సీఐడీ శంకర్ అయ్యాడు. సీఐడీ అంటే నేరాలు పరిశోధించే రాష్ట్ర పోలీసు విభాగమనీ, దానికీ శత్రుదేశాల కుట్రలకూ చుట్టరికం తక్కువనీ ఎవరూ పట్టించుకోలేదు. శత్రుదేశానికి పేరు పెట్టే స్వేచ్ఛా తక్కువే. విదేశాలతో స్నేహసంబంధాలు చెడగొట్టే సినిమాకు సర్టిఫికెట్ ఇవ్వకూడదని 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంలోనే ఉంది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు చూసిన ప్రేక్షకుడికి ఆ పేరులేని శత్రువు ఎవరో ఊహించుకోవడం కష్టం కాదు కాబట్టి కథలు నడిచిపోయాయి. ఇలా దేశం పేరు చెప్పని శత్రువు, నిజంలో లేని ఆఫీసు, ఇంటిపేరు లేని హీరో అన్నీ ఒకచోట చేరాయి.

ఆ ఖాళీ విలువ తెలియాలంటే 1966లో తెలుగు తెర మీద ఉన్న ఇరుకు చూడాలి. పౌరాణికాలూ, జానపదాల్లో గొప్పవీ రామారావువి. సాంఘికాలు, ప్రేమకథలు, భగ్నప్రేమలు నాగేశ్వరరావువి. తక్కువ ఖర్చు జానపదాల్లో కత్తి తిప్పాలంటే కాంతారావు ఉన్నాడు. కొత్తవాడు ఏ తలుపు తట్టినా లోపల అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. కృష్ణుడి కిరీటం పెట్టుకుంటే రామారావుతో పోలుస్తారు, శాలువా కప్పుకుని దగ్గితే నాగేశ్వరరావుతో పోలుస్తారు. పద్యం ఎత్తుకోవాలి, పది వాక్యాల సంభాషణ ఒక్క ఊపిరిలో చెప్పాలి, తల్లి కాళ్ళ మీద పడి ఏడవాలి. ఆ పరీక్షలన్నీ నాటకాల నుంచి వచ్చినవాళ్ళ కోసం తయారైనవి. గూఢచారి సినిమాలో ఆ పరీక్షలేవీ లేవు. సూటు వేసుకుని నిటారుగా నడవాలి, కారు తోలాలి, దెబ్బ తిని లేవాలి, హీరోయిన్ వెంట పాట పాడాలి, విలన్ మాట్లాడుతుంటే ఓరకంట నవ్వాలి.

రామారావు కూడా సీఐడీగా చేశాడు కదా అని ఇక్కడ అడగవచ్చు. నిజమే, 1965లో తాపీ చాణక్య దర్శకత్వంలో 'సి.ఐ.డి.' వచ్చింది. కానీ ఆ సినిమాకు బరువైనది సీఐడీ ఉద్యోగం కాదు. ఇల్లు విడిచిపోయిన తండ్రి, ఒంటరిగా కొడుకును పెంచిన తల్లి, చివరికి తండ్రీ కొడుకులు ఎదురుపడటం, అందులో పండిందంతా ఇదే. రామారావును పెట్టుకుని తల్లీ తండ్రీ లేని కథ తీయడం ఎవరికీ తోచలేదు, తోచినా డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకునేవారు కాదేమో. ఆయన చుట్టూ అప్పటికే అన్ని బంధుత్వాలు పేరుకుపోయాయి. కొత్తవాడికి అవేవీ లేవు. సుందర్‌లాల్ నహతా, డూండీ కలిసి తీసిన 'గూఢచారి 116'లో హీరో కంటే హీరోయినే జనానికి ఎక్కువ తెలుసు. జయలలిత అప్పటికే తమిళంలో ఎం.జి.ఆర్. సరసన, తెలుగులో నాగేశ్వరరావు సరసన నటించి ఉంది. తెలియని మగవాణ్ణి తెలిసిన ఆడమనిషి ఎదుట నిలబెట్టడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఆమె అతణ్ణి అనుమానిస్తూ చూస్తుంటే ప్రేక్షకుడూ అలాగే చూస్తాడు.

కృష్ణను డూండీ ఎంచుకోవడానికి కారణంగా సినిమావాళ్ళు చెప్పుకునే మాట ఒకటుంది. ఆదుర్తి సుబ్బారావు అంతా కొత్తవాళ్ళతో 1965లో తీసిన 'తేనె మనసులు' ఈస్ట్‌మన్ కలర్‌లో వచ్చిన సుకుమారమైన ప్రేమకథ. అందులో కృష్ణ స్కూటర్ మీద కారును వెంబడించి, నడుస్తున్న స్కూటర్ మీంచి కారు మీదకు దూకుతాడు, అదీ డూప్ లేకుండా. ఆ దూకుడు చూసే డూండీ మనసు పారేసుకున్నాడంటారు. ఈ ఎంపికలో ఒక విషయం గమనించాలి. ప్రేమకథలో కృష్ణ ముఖం ఎలా ఉందో, మాట ఎలా పలికిందో నిర్మాత లెక్కలోకి రాలేదు. ఒళ్ళు ఎంత తెగించిందన్నదే లెక్క. మాట విరుపు గురించి కృష్ణను ఆ తర్వాత చాలాకాలం వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. ఆ వెక్కిరింపు తగలని చోటు చూసి అతణ్ణి నిలబెట్టడమే డూండీ తెలివి. రంగుల సినిమా నుంచి నలుపు తెలుపుల సినిమాకు వచ్చినా కృష్ణ ఒక మెట్టు పైకే ఎక్కాడు. ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు అప్పుడు అంటుకున్నదే.

ఇదంతా హీరో ఘనత కాదు, సాంకేతిక నిపుణుల ఘనత అనేవారికి చూపడానికి మంచి సాక్ష్యమే ఉంది. ఆ సినిమాకు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫొటోగ్రఫీలో చెయ్యి తిరిగినవాడు. 1961లో రామారావు మొదటిసారి దర్శకత్వం వహించిన 'సీతారామ కల్యాణం'లో రావణుడు కైలాసాన్ని ఎత్తే దృశ్యం ఆయన కెమెరా పనే. ఫిల్ములో సగభాగం మూసి ఒకసారి, వెనక్కి తిప్పి తెరిచిన సగం మూసి ఇంకోసారి పట్టుకునే మాస్క్ షాట్లు, చెయ్యెడు బొమ్మను కొండంతగా చూపే మినియేచర్లు, ఇవన్నీ కోడంబాక్కం స్టూడియోలు పౌరాణికాల కోసం, జానపదాల కోసం నేర్చుకున్న విద్యలు. గూఢచారి సినిమా వాటికి కొత్త గిరాకీ తెచ్చింది. మాంత్రికుడి గుహ కట్టిన సెట్టు మేస్త్రీలే విలన్ డెన్ కట్టారు. మీట నొక్కితే తెరుచుకునే గోడ, ఎర్రబల్బులు మిణుకు మిణుకుమనే యంత్రం, ఎత్తు కుర్చీలో తిరిగే సూత్రధారి, ఇవన్నీ ఆ అలవాటైన చేతుల్లోంచి వచ్చినవే. కాబట్టి నేల టికెట్టు ప్రేక్షకుడికి బొమ్మ కొత్త కాలేదు. కొత్తగా ఉన్నది దాని మధ్య నిలబడ్డవాడు. జానపద హీరో చివర్లో రాజకుమారుడని తేలతాడు, కాకపోతే రాజకుమారిని చేసుకుని రాజవుతాడు. 116 ఏమీ కాడు. పని ముగించుకుని పై అధికారికి కబురు చెప్పి ఇంకో పనికి వెళతాడు. ట్రిక్కులు ఉన్నంత మాత్రాన సినిమా ఆడేదైతే అదే ట్రిక్కులతో కాంతారావును సూటు వేసి నిలబెట్టినా సరిపోయేది. కత్తికి అంతగా అలవాటుపడ్డ ఆ చేతిలో పిస్తోలు ఎవరినీ నమ్మించేది కాదు.

ఇలాంటి హీరోకు చదువరులు సినిమా కంటే ముందే సిద్ధమై ఉన్నారు. బెంగాలీ పాంచకడి దేవ్ అపరాధ పరిశోధన నవలలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తెలుగులోకి వచ్చాయి. యాభైల్లో, అరవైల్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు రైల్వేస్టేషన్ స్టాళ్ళలో, అద్దె పుస్తకాల దుకాణాల్లో ఎన్ని చేతులు మారారో లెక్కలేదు. కవి ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాసినవాడే, తర్వాత 1971లో కృష్ణకు 'మోసగాళ్ళకు మోసగాడు' రాసిచ్చింది ఆయనే. ఆ నవలల్లో యుగంధర్ ఇంట్లో ఎవరున్నారో మనకు పట్టదు. అతని తెలివి పడితే చాలు. పెద్దలు పిల్లల చేతుల్లోంచి లాక్కున్న ఆ పుస్తకాలు ఒక తరానికి కుటుంబం లేని మొనగాణ్ణి అలవాటు చేశాయి. సాహిత్య చరిత్రకారులు వాటిని పట్టించుకోలేదు, నిర్మాతలు పట్టించుకున్నారు.

ఈ పద్ధతి తెలుగుకే పరిమితమైతే దాన్ని కృష్ణ అదృష్టం అనుకోవచ్చు. పక్క భాషలు చూస్తే అలా అనిపించదు. నహతా, డూండీ ఇదే కథను 1967లో హిందీలో 'ఫర్జ్'గా తీశారు. దర్శకుడు మన నగాయిచే. హీరోగా మూడేళ్ళ కిందట శాంతారాం సినిమాతో వచ్చినా గట్టిగా నిలదొక్కుకోని జితేంద్ర. అతను స్టారైంది ఆ సినిమాతోనే, అక్కడా అతని నంబరు 116. తమిళంలో 1965లో అడుగుపెట్టిన జయశంకర్‌ను మరుసటి ఏడాది సేలం మోడరన్ థియేటర్స్ 'వల్లవన్ ఒరువన్'లో పెట్టింది. దక్షిణాది జేమ్స్ బాండ్ అన్న పేరు అతనికి జీవితాంతం ఉండిపోయింది. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది మిథున్ చక్రవర్తి సంగతి. మొదటి సినిమా 'మృగయా'కే జాతీయ ఉత్తమ నటుడు. ఆ అవార్డు ఇవ్వలేని జనాన్ని 1979లో గన్‌మాస్టర్ జి9 వేషంతో 'సురక్షా' తెచ్చిచ్చింది. దాని దర్శకుడు కూడా రవికాంత్ నగాయిచే. ఒకే మనిషి మద్రాసులో ఒక కుర్రాణ్ణి, బొంబాయిలో ఇద్దరు కుర్రాళ్ళను ఇదే దారిలో గట్టెక్కించాడంటే దాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం.

నా వాదనకు గట్టిగా అడ్డొచ్చేది కన్నడ రాజ్‌కుమార్. 1968లో 'జేడర బలె', అదే ఏడాది 'గోవాదల్లి సీఐడీ 999' చేసేనాటికి ఆయన పద్నాలుగేళ్ళుగా తెర మీద ఉన్నాడు, కన్నడ దేశంలో ఆయన ముఖం తెలియని ఇల్లు లేదు. అయినా ఆ సినిమాలు ఆడాయి, మళ్ళీ మళ్ళీ వచ్చాయి. కాదనను. కానీ 'బేడర కణ్ణప్ప' నుంచి భక్తుడిగా, రాజుగా, పల్లెటూరి మంచివాడిగా చూసిన మనిషి సూటూ బూటుతో క్లబ్బులోకి నడిచొస్తే చూసినవాడికి అతనూ కొత్తవాడే. అక్కడ ముఖం పాతదే అయినా కొలత మారింది. ఈ అవకాశం పెద్ద హీరోకు ఒకటి రెండుసార్లే దొరుకుతుంది, ఆ తర్వాత సూటు కూడా పాతబడుతుంది.

పాతబడటం కృష్ణకూ తప్పలేదు. 1971లో 'జేమ్స్ బాండ్ 777' అని పేరే పెట్టేసుకుని కె.ఎస్.ఆర్. దాస్ సినిమా తీశాడు. ఎడిటింగ్ నుంచి వచ్చిన ఈ దర్శకుడు తెలుగు యాక్షన్ సినిమాకు చేసిన చాకిరీని విమర్శకులు సరిగ్గా లెక్కగట్టలేదు. వ్యాంపు పాత్రలకూ డాన్సులకూ పరిమితమైన విజయలలితను 'రౌడీ రాణి'తో హీరో స్థానంలో కూర్చోబెట్టిందీ, ఆ తర్వాత 'లేడీ జేమ్స్ బాండ్' తీసిందీ ఆయనే. కుటుంబ కథలో హీరోయిన్‌గా చోటు దక్కని మనిషి కుటుంబం లేని కథలో టైటిల్ పాత్ర అయింది. ఊరూ పేరూ అడగని ఈ కథలు మగవాళ్ళకు మాత్రమే తలుపు తీయలేదన్న మాట. అయితే ఏడాదికి పదీ పదిహేను సినిమాలు చేసే కృష్ణ ఆ వేషాన్ని త్వరగానే అరగదీశాడు. గూఢచారి నుంచి కౌబాయ్‌కి, అక్కడి నుంచి 1974లో తన నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు'కు వెళ్ళాడు. నంబరు తప్ప ఏమీ లేకుండా పైకొచ్చినవాడు ఎనిమిదేళ్ళకు తెలుగువాళ్ళందరికీ తెలిసిన పేరును, మన్యమంత ఊరును మీద వేసుకున్నాడు. అంత పేరు మోయగలిగేవాడికి ఇక ఏజెంటు నంబరుతో పనేముంది? ఆ తర్వాత 'ఏజెంట్ గోపి' లాంటివి చేశాడు గానీ అవి ఇంకో కృష్ణ సినిమా కిందే లెక్క.

1983లో ఇదే పరీక్ష చిరంజీవికి ఎదురైంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'గూఢచారి నెం.1' వచ్చింది. పైకొస్తున్న కుర్రాడు, ఒంట్లో వేగం, ఫైట్లు, డాన్సులు, ఈ పద్ధతికి కావాల్సినవన్నీ ఉన్నాయి. కానీ అతణ్ణి స్టార్‌ను చేసింది అది కాదు. కొన్ని నెలల తర్వాత అక్టోబరు 28న విడుదలైన 'ఖైదీ'. అమెరికా 'ఫస్ట్ బ్లడ్' ఛాయల్లో పుట్టినా, పరుచూరి సోదరుల చేతిలో అది పూర్తిగా తెలుగు పల్లె కథ అయింది. భూస్వామి చేతిలో చచ్చిన తండ్రి, చెడిపోయిన తోబుట్టువు బతుకు, కసితో తిరిగొచ్చిన కొడుకు. నేను చెబుతున్న సూత్రానికి ఇది ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి అది ఆ సూత్రం గడువు చెబుతోంది. అరవైల ప్రేక్షకుడికి కొత్తవాడు కుటుంబ బరువు లేకుండా రావడం హాయిగా తోచింది. ఎనభైల ప్రేక్షకుడు కొత్తవాణ్ణి 'నీకు జరిగిన అన్యాయం ఏమిటి?' అని అడిగాడు. నక్సల్బరీ, ఎమర్జెన్సీ చూసి వచ్చిన ఆ జనానికి ప్రభుత్వం జీతమిచ్చి పంపిన మొనగాడి కంటే ప్రభుత్వం వెంటాడే మొనగాడు దగ్గరివాడయ్యాడు. జేబులో ఐడీ కార్డున్న హీరో అప్పుడు వెనకబడ్డాడు.

అదే దశాబ్దం చివర, 1989లో, కృష్ణ 'గూఢచారి 117' చేశాడు. నంబరు ఒకటి పెరిగి ఫ్రెంచి లెక్కతో సమానమైంది. దర్శకుడు మళ్ళీ కోడి రామకృష్ణే. ఇందులో కృష్ణ కొడుకు మహేష్ బాబు బాలనటుడిగా ఉన్నాడు. ఏజెంటు పక్కన సొంత కొడుకు కనిపించడంతో ఈ కథల్లో అంతకుముందు లేనిది, వంశం, లోపలికి వచ్చేసింది. తొంభైల చివరికొచ్చేసరికి తెలుగు సినిమా వారసుల చేతిలో పడింది. 'సమరసింహారెడ్డి' నుంచి 'ఆది' దాకా ఫ్యాక్షన్ కథల్లో హీరో తొడకొట్టి చెప్పేది తాత పేరు, తండ్రి రక్తం. పేరు దాచుకోవడమే వృత్తి అయిన గూఢచారికి ఆ గోలలో చోటెక్కడ? వారసుణ్ణి పరిచయం చేసే నిర్మాత అమ్మేదే ఆ ఇంటిపేరు, దాన్ని దాచమంటే ఒప్పుకోడు. 2017లో మహేష్ 'స్పైడర్' చేసేనాటికి అతని ప్రతి కనుసైగా ప్రేక్షకుడికి కంఠోపాఠం. నిఘా విభాగంలో అనామక ఉద్యోగి అని ఆ ముఖాన్ని చూసి ఎవరు నమ్ముతారు?

ఆ మరుసటి ఏడాది ఆగస్టు 3న విడుదలైన 'గూఢచారి' మాత్రం పాత పద్ధతిని పూర్తిగా అర్థం చేసుకున్నట్టు కనిపిస్తుంది. అమెరికాలో పెరిగి వచ్చిన అడివి శేష్‌కు సినిమా ఇల్లు లేదు. 'పంజా'లో విలన్, 'బాహుబలి'లో తల తెగిపడే భద్రుడు, ఆ తర్వాత తానే కథ రాసుకున్న 'క్షణం'. శశికిరణ్ తిక్కాకు దర్శకుడిగా అదే మొదటి సినిమా. కథలో పిల్లవాడి తండ్రి ఏజెంటుగా చనిపోయాడని నమ్మించి, తండ్రి ఆనవాలు తెలియకుండా పేరు మార్చి పెంచుతాడు ప్రకాష్ రాజ్ పాత్ర. పెద్దవాడై త్రినేత్ర అనే సంస్థలో చేరిన కుర్రాడికి దక్కే నంబరు 116, కృష్ణకు చేసిన నమస్కారం. చివరికి చచ్చిపోయాడనుకున్న తండ్రే విలన్‌గా తేలతాడు. తండ్రి పేరే పెట్టుబడిగా నడిచే పరిశ్రమలో తండ్రి పేరు దాచుకుని, ఆ తండ్రినే ఎదిరించే హీరో కథ. ఆ వెటకారం వాళ్ళు కావాలని చేశారని నేననను. చిన్న బడ్జెట్‌లో తీసిన ఆ సినిమా అంతగా ఆడిందంటే మాత్రం, ఆ ముఖం మీద ఎవరి నీడా లేకపోవడం ఒక కారణమే. ఆ సినిమాలో శేష్ పై అధికారిణిగా కనిపించే సుప్రియ యార్లగడ్డ నాగేశ్వరరావు మనవరాలు కావడం వేరే ముచ్చట.

ఆయన మనవడు అఖిల్ 2023 ఏప్రిల్‌లో 'ఏజెంట్'గా వచ్చాడు. దర్శకుడు సురేందర్ రెడ్డి, పై అధికారి పాత్రలో మమ్ముట్టి. కుర్రాడు నెలల తరబడి ఒళ్ళు విరుచుకున్నాడు, కండలు తేల్చాడు, కష్టానికి ఎవరూ వంక పెట్టలేరు. సినిమా ఘోరంగా పోయింది. స్క్రిప్టు పూర్తిగా చేతిలో లేకుండా మొదలుపెట్టడం తమ తప్పని నిర్మాత అనిల్ సుంకర బహిరంగంగానే ఒప్పుకున్నాడు. అదే అసలు కారణం కావచ్చు, నేను తోసిపుచ్చను. ఆ మాటకొస్తే 1966 నాటి స్క్రిప్టు కూడా గొప్పదేమీ కాదు. ఏజెంటు చావు, సంకేత పదం, అనుమానించదగ్గ హీరోయిన్ తండ్రి, డెన్, పేలుడు, వరసగా అన్నీ ఊహించగలిగినవే. ఆ లోపాన్ని అప్పుడు కప్పింది ముందున్న ముఖం గురించి ఏమీ తెలియకపోవడం. మూడు తరాలుగా తెలిసిన ఇంటి కుర్రాడికి ఆ కప్పు దొరకదు. అతని కండలు చూసి ప్రేక్షకుడు 'ఎవడ్రా వీడు?' అనుకోడు, 'నాగార్జున కొడుకు బాగా కష్టపడ్డాడే' అనుకుంటాడు. ఆ రెండో మాటతో గూఢచారి కథ నడవదు.

అదే ఏడాది జనవరిలో 'పఠాన్' దేశాన్ని ఊపేయలేదా, ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన షారుఖ్ ఖాన్‌తో గూఢచారి కథ ఆడలేదా అంటారు. ఆడింది. అది పైకొస్తున్నవాణ్ణి చూపించే సినిమా కాదు. నాలుగేళ్ళు తెరకు దూరమైనవాడు తిరిగి రావడాన్ని పండగ చేసుకునే సినిమా. ఇంకొంచెం ఇబ్బంది పెట్టేది నిఖిల్ సంగతి. అతను వారసుడు కాడు, 'హ్యాపీ డేస్' నుంచి సొంతంగా ఎదిగాడు, 'కార్తికేయ 2'తో ఉత్తరాదికీ తెలిశాడు. అయినా 2023 జూన్‌లో వచ్చిన అతని 'స్పై', నేతాజీ రహస్యాన్ని వెంట తెచ్చుకుని కూడా, నిలబడలేదు. ఇంటిపేరు లేకపోవడం ఒక్కటే సరిపోదని దీనివల్ల ఒప్పుకోవాలి. పదహారేళ్ళు తెర మీద కనపడ్డాక ఎవరైనా తెలిసినవాడే అవుతాడు. పైగా ఇప్పుడు హీరో వ్యాయామశాలలో బరువెత్తే వీడియో సినిమా కంటే ఏడాది ముందే మన ఫోన్లలోకి వస్తోంది. 1966లో కృష్ణ స్కూటర్ మీంచి దూకగలడని 'తేనె మనసులు' టికెట్టు కొన్నవాడికే తెలుసు.

ఇప్పుడు గూఢచారి కథ సినిమా హాలు వదిలి సిరీస్‌లకు మళ్ళుతున్నట్టుంది. తిరుపతి ఎస్‌వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రాజ్, డీకే 2019లో తీసిన హిందీ 'ద ఫ్యామిలీ మ్యాన్'లో ఏజెంటుకు పెళ్ళాం పిల్లలున్నారు, అప్పు వాయిదాలున్నాయి, పొట్ట ఉంది. కుటుంబాన్ని తీసేసి మొదలైన కథలోకి ఇద్దరు తెలుగువాళ్ళు దాన్ని తిరిగి తెచ్చారు, అయితే యాక్షన్ హీరో వేషాన్ని పక్కన పెట్టాకే తేగలిగారు. తెలుగు నిర్మాతలు మాత్రం ఏజెంటు వేషం అనగానే ఇంకా ఆరు పలకల దేహం కోసమే వెతుకుతున్నారు, దానికి తగిన ఇంటిపేరు కూడా ఉంటే ఇంకా మంచిదంటున్నారు.